స్పానిష్‌లో ‘హాట్’ ఎక్కడ తప్పుతుంది? లక్షణం, కారణం, పరిష్కారం

తెలుగువారిలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లిష్ పుస్తకాల ద్వారానే నేర్చుకుంటారు కనుక, ‘హాట్’ అనే మాట దగ్గర తడబాటు తప్పదు. నిఘంటువు తెరిస్తే ముందుగా కనిపించేది ‘కాలియెంతె’. అది తప్పు కాదు. కాని అది ప్రధానంగా చేతికి తగిలే వేడిని, అంటే కాఫీ, పెనం, ఇస్త్రీపెట్టె వంటి వాటి వేడిని చెప్పే మాట. ఎండ, ఉక్క, కారం, జ్వరం అని తెలుగు విడివిడిగా చెప్పేవాటిని ఇంగ్లిష్ ఒక్క మాటలో ఇరికిస్తుంది, స్పానిష్ మళ్ళీ మనలాగే విడదీస్తుంది. కాబట్టి ఇంగ్లిష్ మాటను పక్కన పెట్టి, ఆ సందర్భంలో తెలుగులో ఏమంటామో ముందుగా అనుకోవడం మంచిది.

లక్షణం: గదిలో ఉక్కగా ఉందని చెప్పబోయి ‘ఎస్తోయ్ కాలియెంతె’ అన్నారు. ఎదుటివారు నవ్వు ఆపుకున్నారు, లేదా ముఖం తిప్పుకున్నారు.

కారణం: వ్యాకరణపరంగా ఆ వాక్యంలో దోషం లేదు. అయితే మనిషి తనను గురించి అలా చెప్పుకుంటే వాడుకలో అది కామోద్రేకాన్ని సూచిస్తుంది. అర్జెంటీనా, ఉరుగ్వేలలో అదే మాటకు మండిపడుతున్నానన్న అర్థం కూడా ఉంది. ఏ అర్థంలో తీసుకున్నా, కిటికీ తెరవమని అడగడానికి వచ్చినవారికి అది పనికిరాదు.

పరిష్కారం: ‘తెంగో కాలోర్’ అనాలి. ‘కాలోర్’ నామవాచకం, ‘తెంగో’ అంటే నాకు ఉంది. ఆకలికి ‘తెంగో ఆంబ్రె’, దాహానికి ‘తెంగో సెద్’, చలికి ‘తెంగో ఫ్రియో’ అన్నీ ఇదే అచ్చులో ఉంటాయి. నాకు ఆకలి, నాకు దాహం అని నామవాచకాలతో చెప్పే అలవాటు మనకు ఉండనే ఉంది గనుక, ఈ నిర్మాణం ఇంగ్లిష్‌వారికంటే మనకే సులువుగా పట్టుబడాలి. జ్వరమైతే ‘తెంగో ఫియెబ్రె’. మెక్సికోలో ‘కాలెంతూరా’ అనడమూ వినిపిస్తుంది. పిల్లవాడి నుదురు ముట్టుకుని కాలిపోతోందని చెప్పేటప్పుడు మాత్రం ‘తియెనె లా ఫ్రెంతె కాలియెంతె’ అనడంలో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ వేడి అన్నది నుదురుకు చెందింది, మనిషి మనఃస్థితికి కాదు.

లక్షణం: ‘ముయ్ కాలోర్’ అని రాస్తే దిద్దేవారు ఎర్ర గీత గీస్తున్నారు.

కారణం, పరిష్కారం: ‘ముయ్’ (చాలా) విశేషణాలకు, క్రియావిశేషణాలకు ముందు వచ్చే మాట, ‘కాలోర్’ నామవాచకం కనుక దానికి ముందు ‘ముచో’ రావాలి. అందుకే బయట ఎండ మండిపోతుంటే ‘ఆసె ముచో కాలోర్’ అనాలి. రోజును వర్ణించాలంటే విశేషణం వేరే ఉంది: ‘ఉన్ దియా ముయ్ కాలురోసో’. ‘కాలిదో’ దీనికంటే మెత్తనిది; వెచ్చని వాతావరణానికి, చిత్రకారులు చెప్పే వెచ్చని రంగులకు, ఆత్మీయమైన స్వాగతానికి అది నప్పుతుంది. ప్రాంతాల విషయంలో ‘కాలియెంతె’ కూడా చెల్లుతుంది. మెక్సికోలోని మిచోఆకాన్, గెరెరో రాష్ట్రాల మీదుగా సాగే ఒక వేడి ప్రాంతానికి పేరే ‘తియెర్రా కాలియెంతె’.

లక్షణం: కారంగా కావాలని ‘కాలియెంతె’ అడిగితే, చప్పటి కూరను మళ్ళీ వేడి చేసి తెచ్చారు.

కారణం: హోటల్‌వారు మీరు అడిగినదే చేశారు.

పరిష్కారం: కారానికి మాట ‘పికాంతె’, మెక్సికోలో ‘పికోసో’ అని కూడా విరివిగా అంటారు. వడ్డించేవారిని ‘పికా?’ అని అడిగితే చాలు, కారంగా ఉంటుందా అని అర్థం. ‘ఎస్ పికాంతె’ అంటే ఆ సాస్ స్వభావమే కారమని, ‘ఎస్తా పికాంతె’ అంటే నోట్లో పెట్టుకుంటే మండిందని. ‘ఎస్’, ‘ఎస్తా’ల మధ్య తేడాను నేర్చుకోవడానికి మిరపకాయకు మించిన గురువు లేదు. స్పెయిన్‌లోని లా వేరా ప్రాంతపు పొగబెట్టిన మిరపపొడి డబ్బాల మీద ‘దుల్సె’, ‘ఆగ్రిదుల్సె’, ‘పికాంతె’ అని మూడు రకాలు రాసి ఉంటాయి. మన వంటకు అలవాటుపడ్డవారు ‘దుల్సె’ (తీపి, అంటే కారం లేనిది) కొంటే, రంగు వస్తుంది గాని నాలుకకు ఏమీ తెలియదు. స్పెయిన్‌లోనే ఉన్న గలీసియా ప్రాంతపు పాద్రోన్ మిరపకాయల గురించి, కొన్ని కారం, కొన్ని కాదు అనే నానుడి అక్కడ ప్రసిద్ధం. వాటి విషయంలో ముందుగా అడిగినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

లక్షణం: హోటల్ గది కొళాయి మీద ‘సి’ అక్షరం చూసి చల్లనీళ్ళని తిప్పారు, చెయ్యి కాలింది.

కారణం: ఆ ‘సి’ అక్షరం ‘కాలియెంతె’కు గుర్తు. చల్లనీళ్ళకు ‘ఎఫ్’, అంటే ‘ఫ్రియా’. తెలిస్తే చాలు, వేరే పరిష్కారం అక్కరలేదు.

లక్షణం: పత్రికా వ్యాసాన్ని అనువదిస్తున్నప్పుడు ‘హాట్ టాపిక్’ వంటి పదబంధాలు ఎబ్బెట్టుగా వస్తున్నాయి.

కారణం, పరిష్కారం: ఇక్కడ విశేషణాన్ని విడిగా అనువదించకూడదు, పదబంధాన్ని మొత్తంగా తీసుకోవాలి. వాడివేడిగా చర్చకు వచ్చే అంశం ‘తెమా కందెంతె’, వేడినీటి బుగ్గలు ‘ఆగ్వాస్ తెర్మాలెస్’. హాట్ డాగ్‌ను స్పెయిన్‌లో ‘పెరీతో కాలియెంతె’ అని అక్షరాలా అనువదించుకున్నారు గాని, అర్జెంటీనాలో ‘పాంచో’ అంటేనే తెచ్చిస్తారు.

ఇక తెలుగు నుంచే వచ్చే చిక్కు ఒకటుంది. మామిడిపండు తింటే వేడి చేస్తుందని మనం అంటే, ఇంగ్లిష్‌లో దానికి సరైన మాట దొరకక అవస్థపడతాం. అదే తడబాటుతో స్పానిష్‌లో ఆ భావాన్ని వదిలేసేవారు ఉన్నారు. నిజానికి మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నాటువైద్యంలో ఆహారాన్ని తాకితే తెలిసే వేడితో నిమిత్తం లేకుండా ‘కాలియెంతె’ అనీ ‘ఫ్రియో’ అనీ విభజిస్తారు. అయితే ఏ పదార్థం ఏ వర్గంలోకి వస్తుందో ఊరూరికీ మారుతుంది కాబట్టి, మన వేడి చేసే వస్తువుల పట్టికను అక్కడివారి మీద రుద్దకుండా, మాటను వాడుకుని, వివరాన్ని మాత్రం అక్కడి పెద్దావిడను అడిగి రాసుకోవాలి.