పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీతో ప్రోగ్రామ్ నుంచి ఈమెయిల్ పంపడం

అపార్ట్‌మెంటు సంఘం ప్రతి నెలా ఫ్లాటుకొక నిర్వహణ రసీదు పంపవలసి ఉన్నా, బడి నుంచి తల్లిదండ్రులకు మార్కుల పత్రాలు వెళ్లవలసి ఉన్నా, ఆ పనికి పెద్ద ఫ్రేమ్‌వర్క్ గానీ నెలనెలా చందా కట్టే సేవ గానీ అక్కర లేదు. పైథాన్‌ను ఇన్‌స్టాల్ చేసినప్పుడే దానితో పాటు వచ్చే రెండు మాడ్యూళ్లు చాలు. ‘ఈమెయిల్’ అనే మాడ్యూల్ ఉత్తరాన్ని తయారు చేస్తుంది, ‘ఎస్‌ఎమ్‌టీపీలిబ్’ దాన్ని ఉత్తరాలు చేరవేసే సర్వర్‌కు అప్పగిస్తుంది. (ఇక్కడ ‘సెట్ కంటెంట్’ వంటి మెథడ్ పేర్లలో మాటల మధ్య ఖాళీ కనిపించిన చోట కోడ్‌లో అండర్‌స్కోర్ రాయాలి.)

పాత పాఠాలు చాలావాటిలో విషయం, చిరునామా, సందేశం అన్నిటినీ ఒకే స్ట్రింగ్‌గా అతికించి పంపే పద్ధతి కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో రాసిన చిన్న సందేశానికి అది పనిచేసినట్టే ఉంటుంది, తెలుగు వచ్చేసరికి తేలిపోతుంది. ఈమెయిల్ హెడర్లు (విషయం, చిరునామా వంటివి చెప్పే పై వరుసలు) మొదటి నుంచి ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులకే ఉద్దేశించినవి కాబట్టి, తెలుగు విషయాన్ని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, ఆ బైట్లను బేస్64లోకి (బైట్లను ఆస్కీ అక్షరాలతో రాసే పద్ధతి) తెచ్చి, ముక్కలుగా పంపాలని ప్రమాణం చెబుతుంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముక్క మొదట, చివర వచ్చే గుర్తులు పోగా మిగిలిన చోటులో 45 బైట్లు మాత్రమే ఇముడుతాయి. తెలుగులో ప్రతి యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు కావాలి గనుక, గుణింతపు గుర్తులను, పొల్లును కూడా లెక్కలో వేసుకుంటే ఒక ముక్కలో 15 సంకేతాలకు మించి పట్టవు. ఒక సంకేతం మధ్యలో ముక్క తెగితే అందుకున్నవారికి ప్రశ్నార్థకాలు కనిపించే ప్రమాదం ఉంది. ఈ లెక్కంతా లైబ్రరీకే వదిలేయడం మేలు.

అందుకే పైథాన్ 3.6 నుంచి స్థిరపడిన ‘ఈమెయిల్‌మెసేజ్’ క్లాస్‌నే వాడాలి. దానితో ఒక ఆబ్జెక్ట్ సృష్టించి, ‘సబ్జెక్ట్’, ‘ఫ్రమ్’, ‘టు’ హెడర్లకు డిక్షనరీకి ఇచ్చినట్టే విలువలు ఇవ్వాలి. చూడటానికి డిక్షనరీలా ఉన్నా ఇది డిక్షనరీ కాదు. ఉన్న సబ్జెక్ట్‌కే మళ్లీ విలువ ఇస్తే పాతది చెరిగిపోదు, రెండో సబ్జెక్ట్ కుదరదని ‘వాల్యూఎర్రర్’ వస్తుంది. కాబట్టి లూప్‌లో పదిమందికి పంపేటప్పుడు ప్రతి ఒక్కరికీ కొత్త ఆబ్జెక్ట్ తయారు చేయాలి. హెడర్ విలువలో కొత్త లైన్ గుర్తు ఉన్నా లైబ్రరీ ఒప్పుకోదు. ఫారంలో ఎవరో నింపిన పేరు ద్వారా దొంగ హెడర్లు చొరబడకుండా ఆపే కాపలా అది. తేదీని మాత్రం లైబ్రరీ తనంతట తాను చేర్చదు. ‘డేట్’ హెడర్‌ను మనమే పెట్టాలి, ప్రతి ఉత్తరానికీ వేరుగా ఉండే గుర్తింపు ‘మెసేజ్-ఐడీ’ని ‘మేక్ ఎమ్‌ఎస్‌జీఐడీ’ ఫంక్షన్‌తో తయారు చేసి జోడించాలి.

సందేశాన్ని చేర్చే క్రమం కూడా ముఖ్యమే. ముందు ‘సెట్ కంటెంట్’తో మామూలు పాఠాన్ని, తరువాత ‘యాడ్ ఆల్టర్నేటివ్’తో హెచ్‌టీఎమ్‌ఎల్ రూపాన్ని, చివరగా ‘యాడ్ అటాచ్‌మెంట్’తో రసీదు పీడీఎఫ్‌ను చేర్చాలి. అటాచ్‌మెంట్‌ను ముందే తగిలిస్తే ఆ తరువాత హెచ్‌టీఎమ్‌ఎల్‌ను చేర్చనివ్వదు. పీడీఎఫ్‌ను బైట్లుగా చదివి, ప్రధాన రకం ‘అప్లికేషన్’ అని, ఉపరకం ‘పీడీఎఫ్’ అని, ఫైలు పేరుతో సహా చెప్పాలి. బేస్64లో ఫైలు పరిమాణం మూడో వంతు పెరుగుతుంది కనుక, 25 ఎంబీ హద్దు పెట్టిన సర్వర్‌కు 20 ఎంబీ ఫైలు కూడా భారమే.

ఇక పంపడం. సర్వర్‌తో మాట్లాడటానికి సాధారణంగా రెండు పోర్టులు ఉంటాయి. 465లో మొదటి నుంచే సంభాషణ రహస్యంగా సాగుతుంది, దానికి ‘ఎస్‌ఎమ్‌టీపీ ఎస్‌ఎస్‌ఎల్’ క్లాస్ వాడాలి. 587లో ముందు మామూలుగా పలకరించి ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’తో రహస్యంలోకి మారాలి. ఈ మెథడ్‌కు ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లోని ‘క్రియేట్ డిఫాల్ట్ కాంటెక్స్ట్’ ఫలితాన్ని తప్పక అందించాలి, లేకపోతే సర్వర్ సర్టిఫికెట్ నిజమైనదో కాదో పరిశీలించకుండానే పాస్‌వర్డ్ వెళ్లిపోతుంది. టైమౌట్ కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే బదులివ్వని సర్వర్ దగ్గర ప్రోగ్రామ్ అలాగే నిలబడిపోవచ్చు. జీమెయిల్ వ్యక్తిగత ఖాతా వాడేవారు రెండంచెల ధృవీకరణను ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా ప్రవేశించే వీలును గూగుల్ 2022 మేలో తీసేసింది. ఆ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ బయట, ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టే విలువ) ఉంచాలి.

లాగిన్ అయ్యాక ‘సెండ్ మెసేజ్’ను పిలిస్తే ఉత్తరం సర్వర్‌కు చేరుతుంది. ఇక్కడ ఉత్తరం వేరు, కవరు వేరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ‘టు’ హెడర్ ఉత్తరంలో కనిపించే రాత మాత్రమే, సర్వర్ చూసేది కవరు మీది చిరునామానే. మిగతావారికి కనబడకుండా ప్రతి పంపే ‘బీసీసీ’ పనిచేసేది ఈ తేడా వల్లనే. ‘సెండ్ మెసేజ్’ ఆ చిరునామాలను కవరు మీద రాసి, హెడర్‌ను మాత్రం ఉత్తరంతో పంపకుండా తీసేస్తుంది. పంపవలసిన అందరిలో ఒక్కరినైనా సర్వర్ అంగీకరిస్తే ఎక్సెప్షన్ రాదు. తిరస్కరించిన చిరునామాలు ‘సెండ్ మెసేజ్’ తిరిగి ఇచ్చే డిక్షనరీలో ఉంటాయి, దాన్ని తెరిచి చూసే ప్రోగ్రాములు తక్కువ. సర్వర్ నుంచి 4తో మొదలయ్యే జవాబు సంఖ్య వస్తే కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు, 5తో మొదలైతే అదే ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ పంపడం పరువు పోగొట్టుకోవడమే. సరే అని చెప్పే 250 వచ్చినా సర్వర్ బాధ్యత తీసుకుందనే అర్థం, అవతలివారి పెట్టెలో పడిందని కాదు.

కోడ్‌ను సరిచూసే దశలో అసలు సర్వర్ జోలికి పోనక్కరలేదు. ఇలాంటి పరీక్షకు సర్వర్‌ను నడిపేందుకు పైథాన్‌లోనే ఉండిన ‘ఎస్‌ఎమ్‌టీపీడీ’ మాడ్యూల్‌ను 3.12లో తొలగించారు. దాని బదులు ‘ఏఐఓఎస్‌ఎమ్‌టీపీడీ’ ప్యాకేజీని నడిపితే, అది మన కంప్యూటర్‌లోనే 8025 పోర్టులో విని, వచ్చిన ఉత్తరాన్ని ఎవరికీ పంపకుండా తెర మీద చూపిస్తుంది. అక్కడ హెడర్లు సరిగ్గా ఉన్నాయనుకున్నాక అసలు సర్వర్ ద్వారా ముందుగా మన జీమెయిల్ చిరునామాకే ఒకటి పంపుకొని, ‘షో ఒరిజినల్’ తెరవాలి. సొంత డొమైన్ నుంచి పంపుతున్నట్టయితే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ (ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందో లేదో చూసే పరీక్షలు) మూడింటి ఎదుటా ‘పాస్’ అని కనిపించేంతవరకూ డీఎన్‌ఎస్ రికార్డులు (డొమైన్ వివరాలు చెప్పే నమోదులు) సరిచేసుకుని, ఆ తరువాతే జాబితాలోని మిగతావారికి పంపడం మొదలుపెట్టాలి.