సముద్రం నుంచి వచ్చాక కారు, 3వ పాఠం: ఇసుక ఇంకా రాలుతోంది అన్నవాళ్ళకి

ఈసారి కారు అడుగుభాగం కడగడం చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. ఎందుకంటే కిందటి పాఠం చూసి లోపల శుభ్రం చేసుకున్నవాళ్ళు చాలామంది ఒకటే మాట అంటున్నారు: "మాస్టారూ, ఎంత దులిపినా ఇసక వస్తూనే ఉందండి!" ఒకాయన కళింగపట్నం వెళ్ళొచ్చి మూడు వారాలైంది, ఇప్పటికీ బ్రేక్ వేస్తే సీటు కింద నుంచి ఇసుక ముందుకి జారుతోందట. ఇంకొకావిడ బారువ నుంచి రాగానే, రాత్రి పూటే, తడిగుడ్డతో కార్పెట్ అంతా శ్రద్ధగా తుడిచేశారు. తప్పు నాదే. "ఆరాక దులపండి" అని ఒక్క ముక్క రాసి ముందుకి వెళ్ళిపోయాను, అసలు పాఠమంతా ఆ ముక్కలోనే ఉంది.

తడి ఇసుక దేన్నయినా పట్టుకుంటుంది. కార్పెట్ పోగుల మధ్యకి దిగిందంటే బ్రష్ పెట్టినా ఇంకా లోపలికే పోతుంది, తడిగుడ్డ పెడితే మరీను. వచ్చిన రోజు మ్యాట్లు మాత్రం తీసి బయట పెట్టండి, అంచులు లోపలికి మడిచి, గిన్నె ఎత్తినట్టు ఎత్తాలి. మిగతాది ముట్టుకోకండి. మర్నాడు నాలుగు తలుపులూ తెరిచి ఎండలో రెండు గంటలు వదిలేయండి. అప్పుడు కార్పెట్‌ని అరచేత్తో తట్టండి, రుద్దొద్దు. తడుతుంటే ఇసుక పైకి ఎగురుతుంది, ఆ ఎగిరినదాన్ని వాక్యూమ్ లాక్కోవాలి. ఒక చేత్తో తట్టడం, రెండో చేత్తో లాగడం. నూడుల్స్ మ్యాట్లు (ప్లాస్టిక్ పోగులు నూడుల్స్‌లా చుట్టలు చుట్టుకుని ఉండేవి) వేయించుకున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే, సముద్రానికి వెళ్ళే రోజు వాటిని ఇంట్లో వదిలేసి మామూలు రబ్బరు మ్యాట్లు వేసుకోండి. నా కారులో ఏడాదంతా రబ్బరువే.

ఆ మూడు వారాలాయన ఇసుక సీటు పట్టాల్లో ఉంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే ఆ ఇనుప పట్టాలకి గ్రీజు ఉంటుంది, గ్రీజుకి ఇసుక అంటుకుంటుంది. సీటుని పూర్తిగా వెనక్కి జరిపి ముందు సగం, పూర్తిగా ముందుకి జరిపి వెనక సగం శుభ్రం చేయాలి. నేను వాడేది అంగుళం రంగుల బ్రష్, సైకిల్ పంపు. పంక్చర్ షాపులో గాలి కొట్టించొచ్చు కానీ ఆ జోరుకి ఇసుక డ్యాష్‌బోర్డు సందుల్లోకి పోతుంది, నాకది నచ్చదు. సీటు కింద పసుపు రంగు ప్లగ్గుతో వైరు కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని పీకొద్దు, అక్కడ నీళ్ళు పోయొద్దు.

తడి బట్టలతో సీట్లో కూర్చున్నవాళ్ళు ఉంటే ఇంకో పని ఉంది. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అర లీటరు సీటు లోపలి ఫోములోకి ఇంకిందంటే దాదాపు మూడు చెంచాల ఉప్పు అక్కడే ఉండిపోయినట్టు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది చూడండి, సీటు కూడా అంతే, ఆరినట్టే ఉంటుంది, గాలిలో తేమ పెరగ్గానే మళ్ళీ చల్లగా తగులుతుంది. మంచినీళ్ళలో తువ్వాలు ముంచి, గట్టిగా పిండి, సీటు మీద అదిమి తీయాలి. తువ్వాలు జాడించి మళ్ళీ అదమాలి. నాలుగైదు సార్లు, తర్వాత ఫ్యాను.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. అద్దాలు దించడం.

సముద్రం దగ్గర నుంచి వస్తూ కొబ్బరిబొండాం బండి కనబడగానే అద్దం దించేస్తారు. ఇంటికొచ్చి గాలి ఆడాలని నాలుగూ దించేస్తారు. కారు కడిగే ముందు "అద్దం అంచు తుడుద్దాం" అని దించేవాళ్ళు కూడా ఉన్నారు! అద్దం కింది అంచున తలుపు దగ్గర నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది కదా, గాలికి ఎగిరిన ఇసుకంతా అక్కడే వాలుతుంది. అద్దం దిగిన ప్రతిసారీ ఆ రబ్బరు ఇసుకని అద్దానికి నొక్కిపట్టి గీస్తుంది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో గాజు అయిదున్నర దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7. మన శ్రీకాకుళం తీరంలో ఇసుక ఇంకా మొండిది. శ్రీకూర్మం, భావనపాడు వైపు ఒడ్డున ఎర్ర చారలు, నల్ల చారలు చూసే ఉంటారు. నలుపు ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్. గరుకు కాగితం మీద అతికించే ఖనిజాల్లో గార్నెట్ ఒకటి. దాన్నే జోరుగా కొట్టే నీళ్ళలో కలిపి ఉక్కు పలకలు కోస్తారు. దాన్ని మనం మీట నొక్కి మరీ అద్దానికి రాస్తున్నాం. నా కారు ఎడమ ముందు అద్దం మీద నిలువు గీతలు పదకొండు ఉన్నాయి, రాత్రి ఎదురు బండి లైటు పడితే అన్నీ మెరుస్తాయి. పాలిష్‌కి ఇచ్చి చూశాను, పోలేదు.

కాబట్టి అద్దాలు పైకే ఉంచి ఇలా చేయండి. మొదట తలుపు తెరిచి దాని కింది అంచున ఉండే చిన్న రంధ్రాలు వెతకండి. అగ్గిపుల్లతో నెమ్మదిగా తెరవండి, స్క్రూడ్రైవర్ పెడితే పెయింట్ లేచి అక్కడే తుప్పు మొదలవుతుంది. తర్వాతే బయటి రబ్బరు పట్టీ వెంబడి మగ్గుతో మంచినీళ్ళు ధారగా పోయండి. నీళ్ళు తలుపులోకి పోతున్నాయని టెన్షన్ పడకండి, వాన నీళ్ళూ అక్కడికే పోతాయి, ఆ రంధ్రాల్లోంచే దిగిపోతాయి. రంధ్రాలు మూసుకుపోయి ఉంటేనే ప్రమాదం, అందుకే వాటి పని ముందు. ఇప్పుడు అద్దం రెండు వేళ్ళంత దించి, తడిపి తుడిచి, పైకెత్తి మళ్ళీ తుడవండి. గుడ్డకి గరుకు తగలకపోతే ఇంకో రెండు వేళ్ళు. తగిలితే మళ్ళీ నీళ్ళు.

చింతపల్లి, ముక్కాం వైపు వెళ్ళే విజయనగరం వాళ్ళకీ ఇదే వరస. సరుగుడు తోటలో బండి పెట్టినవాళ్ళు మాత్రం బానెట్ ఎత్తి ముందు అద్దం కింద జాలీలో చేరిన సరుగుడాకు చేత్తో ఏరేయండి, అది నీళ్ళు పోయే దారి మూసేస్తుంది.

అభ్యాసం. డ్రైవర్ సీటు పట్టాలు నాలుగు రోజులు, రోజుకొకసారి, శుభ్రం చేయండి, మధ్యలో కారు మామూలుగా నడపండి. ఏ రోజు రాలిన ఇసుక ఆ రోజు కాగితంలో పొట్లం కట్టి తారీఖు వేయండి. నాలుగో పొట్లంలో చిటికెడు కంటే ఎక్కువ ఉంటే మళ్ళీ మొదటి నుంచి. ఓపిక కావాలి, నాకు తెలుసు, కానీ ఇది పూర్తవకుండా అడుగుభాగం జోలికి వెళ్ళొద్దు. ఈలోగా మీ బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే వచ్చే పాఠానికి రెండు డ్రమ్ముల మంచినీళ్ళు సిద్ధంగా ఉంచుకోండి.