కైరల్ నానోకార్బన్ అణువుల్లో నిర్మాణ లోపం వెలుగును ఎలా మార్చిందో తేల్చుకునే విధానం

కర్బన వలయాల అల్లికతో ఏర్పడిన అణువులే నానోకార్బన్‌లు. వాటిలో అద్దంలోని ప్రతిబింబంతో ఒకటిగా కలవకుండా కుడి, ఎడమ రూపాలుగా ఉండేవి కైరల్ అణువులు. ఈ రసాయనంలో లోపం అంటే చెడిపోయిన చోటు కాదు. షడ్భుజులతోనే సాగవలసిన కర్బన అల్లికలో ఐదు, ఏడు లేదా ఎనిమిది పరమాణువుల వలయం చోటుచేసుకోవడాన్నే లోపం అంటారు. పంచభుజి చేరితే పలక దొన్నెలా వంగుతుంది. సప్తభుజి చేరితే గుర్రపు జీనులా మెలిక పడుతుంది. ఈ వంపు కాంతి రంగునూ, ప్రకాశాన్నీ, వర్తుల ధ్రువణాన్నీ (కాంతి తరంగం కుడివైపుగానో ఎడమవైపుగానో తిరుగుతూ సాగే గుణం) మార్చగలదు. అయితే ఈ మూడూ వేర్వేరు కారణాల వల్ల మారతాయి కాబట్టి వాటిని విడివిడిగా కొలవాలి.

ముందుగా పోలికకు జోడీని ఎంచుకోండి. లోపం ఉన్న అణువు పక్కన, దాదాపు అంతే పొడవు సంయోగ వ్యవస్థ (ఎలక్ట్రాన్లు పంచుకునే బంధాల వరుస) ఉండి షడ్భుజులు మాత్రమే గల అణువును పెట్టాలి. పరిమాణం తేడాగా ఉంటే రంగు మార్పు లోపం వల్ల వచ్చిందో, పరిమాణం వల్ల వచ్చిందో చెప్పలేరు.

తరువాత కుడి, ఎడమ రూపాలను కైరల్ కాలమ్‌పై (రెండు రూపాలను వేర్వేరు వేగాలతో సాగనిచ్చే గొట్టం) వేరుచేసి, అవి ఒకదానిలోకి మరొకటి మారకుండా ఎంతసేపు నిలుస్తాయో చూడండి. ఐదు వలయాల హెలిసీన్ (సుడి మెట్లలా మెలితిరిగిన అణువు) గది ఉష్ణోగ్రత వద్దే మెల్లగా తన కుడి-ఎడమ తేడాను కోల్పోతుంది. ఆరు వలయాలది నిలుస్తుంది. సప్తభుజి అల్లికను వదులు చేసే సందర్భాలు ఉన్నందున ఈ పరీక్షను దాటవేయకూడదు.

ద్రావణాన్ని పలుచగా, ఉత్తేజక తరంగదైర్ఘ్యం (అణువును వెలిగించడానికి వాడే కాంతిది) వద్ద శోషణ 0.1 మించకుండా తయారుచేసి, ఆక్సిజన్‌ను తొలగించండి. ఉద్గార (విడుదలయ్యే వెలుగు) శిఖరం వద్ద నమోదుచేసిన ఉత్తేజక వర్ణపటం (ఏ తరంగదైర్ఘ్యం కాంతి ఇస్తే ఆ వెలుగు ఎంత వస్తుందో చూపేది) శోషణ వర్ణపటంతో సరిపోవాలి. సరిపోకపోతే మీరు చూస్తున్న వెలుగు బహుశా మాలిన్యానిది. మందంగా వెలిగే అణువుల విషయంలో లేశమాత్రం మాలిన్యం కూడా మొత్తం ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పంచభుజి, సప్తభుజి కలిసిన అజులీన్ రెండవ ఉత్తేజిత స్థితి నుంచే ప్రధానంగా వెలుగుతుంది కాబట్టి, ఉద్గారం అట్టడుగు ఉత్తేజిత స్థితి నుంచే వస్తుందని ముందే అనుకోకండి.

ఇక అసలు పని క్వాంటమ్ ఈల్డ్‌నూ (పీల్చుకున్న కాంతి కణాల్లో వెలుగుగా తిరిగి వచ్చే వాటా), ఉత్తేజిత స్థితి జీవితకాలాన్నీ కలిపి కొలవడం. ఈల్డ్‌ను జీవితకాలంతో భాగిస్తే వెలుగు విడుదల వేగం వస్తుంది. ఒకటి నుంచి ఈల్డ్‌ను తీసివేసి, మిగిలినదాన్ని జీవితకాలంతో భాగిస్తే వెలుగు లేకుండా శక్తి జారిపోయే వేగం వస్తుంది. ఉదాహరణకు, లోపం లేని అణువు ఈల్డ్ 0.20, జీవితకాలం 10 నానోసెకన్లు అనుకుందాం. విడుదల వేగం సెకనుకు 2 కోట్లు. లోపం ఉన్న అణువులో ఈల్డ్ 0.10కి, జీవితకాలం 5 నానోసెకన్లకు పడిపోతే విడుదల వేగం ఆ 2 కోట్లే. జారిపోయే వేగం మాత్రం 8 కోట్ల నుంచి 18 కోట్లకు పెరిగింది. అదే ఈల్డ్ 0.10 వచ్చి జీవితకాలం 10 నానోసెకన్లుగానే ఉంటే, విడుదల సామర్థ్యమే సగానికి తగ్గిందని అర్థం. ఈల్డ్ ఒక్కటే ఇచ్చిన నివేదికలో ఈ రెండు కథలూ ఒకేలా కనిపిస్తాయి. జారుడు పెరిగితే అణువు కదలికలనూ, మెలిక వల్ల బలపడే త్రిక స్థితి (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉండే ఉత్తేజిత స్థితి) దారినీ అనుమానించాలి. 77 కెల్విన్ వద్ద గడ్డకట్టిన ద్రావణంలో కొలిస్తే కదలికల వాటా చాలావరకు బయటపడుతుంది.

చివరిది వర్తుల ధ్రువణం. ఎడమ, కుడి కాంతి తీవ్రతల తేడాను వాటి సగటుతో భాగిస్తే అసమరూపతా గుణకం వస్తుంది. దాని గరిష్ఠ పరిమాణం 2. సాధారణ కర్బన అణువుల్లో ఇది ఎక్కువగా 0.01 లోపే ఉంటుంది. ఇంత చిన్న సంకేతాన్ని నమ్మాలంటే రెండు రూపాల వక్రాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి, సమాన మిశ్రమం సున్నా గీతను ఇవ్వాలి. మిశ్రమంలోనూ వక్రం కనిపిస్తే అది పరికరం కల్పించినదే.

గుణకం పెరిగిందని వెంటనే సంబరపడనక్కర్లేదు. లోపం విద్యుత్ సంక్రమణ ద్విధ్రువాన్ని (అణువు కాంతితో ఎంత బలంగా స్పందిస్తుందో చెప్పే కొలత) తగ్గించినా గుణకం పెరుగుతుంది, కానీ విడుదల వేగం ఆ ద్విధ్రువం వర్గాన్ని అనుసరించి పడిపోతుంది. అందుకే శోషణ గుణకం (అణువు కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటుందో చెప్పేది), క్వాంటమ్ ఈల్డ్, అసమరూపతా గుణకంలో సగం, ఈ మూడింటి లబ్ధాన్ని (వర్తుల ధ్రువిత వెలుగు మొత్తం ప్రకాశాన్ని) కూడా లెక్కించి, జోడీలోని రెండు అణువులకూ పక్కపక్కనే రాయండి.