బరువు తగ్గే సర్జరీ తర్వాత కడుపులో ఇబ్బందా? తిండిని ఇలా మార్చుకోండి

మా అక్కకు బెంగళూరులో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయిన ఐదో వారంలో, మదనపల్లె నుంచి వచ్చిన అమ్మ ప్రేమగా రాగి సంగటి చేసింది. అక్క చిన్న ముద్ద తుంచి, పప్పులో అద్దుకుని, చిన్నప్పటి అలవాటు ప్రకారం నమలకుండా మింగేసింది. రెండో ముద్దకే ఛాతీ మధ్యలో ఏదో అడ్డం పడినట్టయింది. నోట్లో నురుగులాంటి ఉమ్మి ఊరుతూనే ఉంది. అరగంట తర్వాత వాంతి అయ్యాక గానీ తేరుకోలేదు. అమ్మ ఏడ్చేసింది, ఒంటికి మంచిదనే కదా చేశానని.

ఆ తర్వాత ఏడాది పాటు అక్క తిండి నేనే చూసుకున్నాను. తిన్న ఎంతసేపటికి బాధ మొదలైందో గమనిస్తే కారణం చాలావరకు దొరికిపోతుందని అప్పుడే అర్థమైంది. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు మీది ఏ సర్జరీయో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోండి. స్లీవ్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. అందుకే వీళ్లకు పులితేన్పులు, గుండెల్లో మంట ఎక్కువ. బైపాస్‌లో (గుండెది కాదు, పొట్టకు చేసే గ్యాస్ట్రిక్ బైపాస్) పైన సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తీపి తిన్నాక దడ, చెమటలు పట్టడం వీళ్లలో ఎక్కువ.

తిండితో నయం కానివి

ఆగని కడుపునొప్పి, జ్వరం, ఆయాసం, కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి 120 సార్లు దాటి కొట్టుకోవడం, ఎడమ భుజంలో నొప్పి, నల్లటి విరేచనం, నీళ్లు కూడా నిలవని వాంతులు. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాంతులు రోజుల తరబడి సాగితే శరీరంలో థయమిన్, అంటే విటమిన్ బి1, తగ్గిపోయి నరాలు దెబ్బతింటాయి. గ్లూకోజ్ నీళ్లు తాగించి సరిపెట్టడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు.

మొదటి అడుగు: వారం రోజులు రాసుకోండి

చిన్న నోట్‌బుక్ చాలు. ఏం తిన్నారు, ఎన్ని స్పూన్లు, ఎన్ని నిమిషాల్లో తిన్నారు, బాధ ఎప్పుడు మొదలైంది, అంతే. కొత్త పదార్థం రోజుకు ఒక్కటే పెట్టండి. ఒకే పూట పన్నీరు, పొంగలి, కొత్త ప్రోటీన్ పౌడర్ మూడూ పెడితే దేనివల్ల ఉబ్బరం వచ్చిందో ఎలా తెలుస్తుంది?

రెండో అడుగు: తొందరపడి దశ దాటకండి

సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లలాంటివి, రెండు వారాల దాకా ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, నెల దాటాక మెత్తటి వంటలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి చార్ట్ మారుతుంది, మీకిచ్చినదాన్నే పాటించండి. ద్రవాల రోజుల్లో మా ఇంట్లో వడగట్టిన పప్పుకట్టు, కారం లేని చారు, పల్చటి మజ్జిగ నడిచాయి. ఏ దశలోనైనా కడుపు ఒప్పుకోకపోతే డైటీషియన్‌ను అడిగి రెండు రోజులు వెనక్కి వెళ్లండి. దానికి చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

మూడో అడుగు: తింటుండగానే అడ్డుపడితే

ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మేం ఎక్కువగా బాధపడింది ఇక్కడే. తింటున్నప్పుడే ఛాతీ పట్టేసినట్టుంటే వేగం, ముద్ద పరిమాణం, పొడిగా ఉండడం, సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం. కాఫీలో చక్కెర కలిపే చిన్న స్పూనుతో తినండి. ఒక్కో స్పూనును ఇరవై, ముప్పై సార్లు నమలండి. పూటకు 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, ఛాతీలో ఒత్తిడి పొట్ట నిండిందని చెప్పే గుర్తులు. ఆ క్షణంలోనే స్పూను కింద పెట్టేయండి. ఇంకో ముద్ద తినమని ఇంట్లోవాళ్లు బతిమాలకండి, దయచేసి.

బెంగళూరులో దీనికి రెండు అలవాట్లు అడ్డొస్తాయి. ఒకటి దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో, నిలబడి ఐదు నిమిషాల్లో ప్లేటు ఖాళీ చేయడం. రెండోది ముద్ద. కన్నడవాళ్ల రాగి ముద్ద అయినా మన సీమ సంగటి అయినా నమలకూడదు, మింగాలి అని పెద్దలు నేర్పారు. ఈ పొట్టకు అది పనికిరాదు. రాగులు మానక్కర్లేదు, పల్చటి జావగా తీసుకోండి. ఎండిన చపాతీ, బ్రెడ్డు, ముద్దకట్టిన అన్నం, పీచులాంటి చికెన్ కూడా ఇలాగే అడ్డుపడతాయి. తట్టె ఇడ్లీలో (పళ్లెంలా వెడల్పుగా ఉండే ఇడ్లీ) పావు ముక్క తీసి పల్చటి పప్పులో నాననిస్తే సులువుగా దిగుతుంది.

నీళ్లు తిండితో పాటు వద్దు. తినడానికి అరగంట ముందు ఆపి, తిన్న అరగంట తర్వాత మళ్లీ గుక్క గుక్కగా మొదలుపెట్టండి. స్ట్రాతో తాగితే గాలి లోపలికి పోతుంది. సోడాలు అసలే వద్దు.

నాలుగో అడుగు: తిన్న అరగంటలోపు దడ, చెమటలు, విరేచనాలు

దీన్ని డంపింగ్ అంటారు. తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి జారిపోతే, దాన్ని పల్చన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి వచ్చి చేరుతుంది. అందుకే మెలితిప్పే నొప్పి, కళ్లు తిరగడం. స్లీవ్ అయినవాళ్లకూ రావచ్చు. పాయసం, పళ్లరసం సంగతి అందరికీ తెలుసు. మాకు తెలియకుండా దెబ్బకొట్టింది ఇక్కడి హోటల్ సాంబారు. బెంగళూరు సాంబారులో బెల్లం వేస్తారు, అక్క దాన్ని కప్పులో పోసుకుని సూప్‌లా తాగింది. అప్పటి నుంచి ఇంటి చారే.

ఇలా అయితే కాసేపు వెనక్కి వాలి విశ్రాంతి తీసుకోండి. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వణుకు, విపరీతమైన ఆకలి, నీరసం వస్తే అది వేరే విషయం. ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. గ్లూకోమీటర్‌తో చూసి, ఆ అంకె రాసుకుని డాక్టర్‌కు చెప్పండి.

రెండింటికీ పనికొచ్చే మార్పు వడ్డన క్రమం. మన భోజనం అన్నంతో మొదలవుతుంది కదా, దాన్ని తిరగేయండి. ముందు గుడ్డు, పన్నీరు, చేప లేదా మెత్తటి పప్పు, తర్వాత కూర, చివర్లో చోటుంటే రెండు స్పూన్ల అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలంటారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది కాబట్టి, పొట్టలోని చోటు అన్నంతో నిండిపోతే లెక్క కుదరదు.

ఐదో అడుగు: గ్యాస్, మలబద్ధకం

పాలు తాగాక ఉబ్బరం, విరేచనాలు వస్తే పాలు ఆపి పెరుగు, మజ్జిగ ప్రయత్నించండి. సర్జరీ తర్వాత కొందరికి పాలలోని చక్కెర పడదు. ఈ ఊళ్లో చలికాలం రాగానే ఎక్కడ చూసినా అనపకాయలే (చిక్కుడు జాతి కాయలు), వాటితో గ్యాస్ రావచ్చు. మొదటి ఏడాది తొక్క తీసిన పితికిపప్పు మాత్రమే, అదీ బాగా ఉడికించి రెండు స్పూన్లు పెట్టి చూడండి.

తిండి తగ్గింది, ఐరన్ మాత్రలు చేరాయి కాబట్టి మలబద్ధకం దాదాపు అందరికీ ఎదురవుతుంది. రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ. ఇసబ్‌గోల్ మాత్రం డాక్టర్‌ను అడగకుండా వద్దు. నీళ్లు చాలకపోతే అది ఉబ్బి అడ్డం పడుతుంది.

రాత్రిళ్లు మంట వస్తుంటే పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినేయండి, మంచం తలవైపు ఎత్తు పెంచండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొనకండి. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు అవి పుండ్లు తెస్తాయి. నూనె వంట తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లేమో అడగండి, బరువు వేగంగా తగ్గేటప్పుడు అవి ఏర్పడుతుంటాయి.

బయట తినేటప్పుడు

ఆంధ్రా మీల్స్‌లో ఆకు వేయగానే కందిపొడి, నెయ్యి, వేడన్నం వచ్చేస్తాయి. మొదటి నెలల్లో అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. బెంగళూరు హోటళ్లలో బై టూ అంటే ఒక కాఫీనో సూపునో రెండుగా పోసి ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు. మేం వెజిటబుల్ సూప్ బై టూ చెబుతాం. అక్క వంతులోనూ సగం మిగిలితే అది నేను తాగేస్తాను.