టూరింగ్ బండికి కొత్త టైర్లు వెతికేముందు పాత టైరు దగ్గర పది నిమిషాలు కూర్చోండి

"అన్నా ఏ టైరు వేయించమంటావ్" అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే, పాత టైరు ఎలా అరిగిందో ఫోటో తీసి పంపు అని. చాలామంది బండి మొత్తం పక్కనుంచి తీసి పంపుతారు, స్టిక్కర్లు, క్రాష్ గార్డు, సైడ్ బ్యాగులు అన్నీ బాగా కనపడతాయి, టైరు మాత్రం కనపడదు. నాక్కావాల్సింది బండి వెనక నేల మీద కూర్చుని తీసిన ఫోటో, టైరు ఇంకా గుండ్రంగా ఉందా లేక పీటలా చదునైపోయిందా అన్నది తెలిసేలా.

నాది బజాజ్ డామినార్ 400, ఉండేది హైదరాబాద్. ఇక్కడ చెప్పేదంతా ఆ బండి మీద డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే, కానీ మీది రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయనైనా మీటియోరైనా ఇంటర్‌సెప్టరైనా లెక్క ఒకటే, సైజులే వేరు.

మనలో ఎక్కువమంది రైడ్లంటే బెంగళూరు రోడ్డు, విజయవాడ రోడ్డు. నాలుగు గంటలు తిన్నగా వంద మీద పోతే అరిగేది టైరు నడుమే, అంచులు ముట్టుకోవు. కొన్నాళ్లకి నడుమ చదునైపోయి, ఆ చదును ముగిసి అంచు మొదలయ్యే చోట చేత్తో తడిమితే తెలిసేంత గట్టు వస్తుంది. హైవే మీద ఇది అసలు తెలియదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల్లో శ్రీశైలం ఘాట్ ఎక్కడం మొదలెట్టాక తెలుస్తుంది, బండిని వంపులోకి వాలుస్తుంటే ముందు వాలనంటుంది, ఇంకొంచెం తోస్తే ఆ గట్టు దాటి ఒక్కసారిగా దిగబడినట్టు వాలిపోతుంది. కొత్తవాళ్లు సస్పెన్షన్ పోయిందనుకుంటారు, మెకానిక్ ఏదో బిగిస్తాడు, టైరు మాత్రం "ఇంకా గీతలున్నాయిగా" అని వదిలేస్తారు. గీతలుంటాయి కరెక్టే, ఆకారం పోయింది కదా.

సో మీ టైరు ఇలా నడుమే అరిగిందంటే మీకు కావాల్సింది నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉండే టైరు, దాన్నే డ్యుయల్ కాంపౌండ్ అంటారు, స్పోర్ట్ టూరింగ్ పేరుతో అమ్మేవాటిల్లో చాలా వరకు ఇదే ఉంటుంది. అలా కాకుండా వారం వారం మారేడుమిల్లి, లంబసింగి, అరకు అని ఘాట్లలోనే తిరిగి అంచులదాకా అరగ్గొట్టారంటే కాస్త మెత్తటి టైరు తీసుకోండి, కిలోమీటర్లు తక్కువొస్తాయని ముందే తెలుసుకుని తీసుకోండి. ఇక పెద్ద పెద్ద బటన్ల టైర్లు, ఆఫ్ రోడ్‌వి, ఫోటోలో భలే ఉంటాయి ఒప్పుకుంటా, కానీ ఏడాదికి రెండుసార్లు మట్టి రోడ్డు ఎక్కేవాడికి అవి మిగతా ఏడాదంతా హైవే మీద గుయ్యిమనే మోత, తడి రోడ్డు మీద తక్కువ గ్రిప్పు, త్వరగా అరుగుడు తప్ప ఇచ్చేదేం లేదు. ఫ్రెండ్ వేయించాడని వేయించుకోకండి, ఫ్రెండ్ రోడ్లు వేరు మీ రోడ్లు వేరు.

ఇప్పుడు నంబర్లు. డామినార్ వెనక టైరు పక్కన 150/60 ఆర్ 17 66హెచ్ అని ఉంటుంది. 150 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం టైరు ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 17 రిమ్ము సైజు అంగుళాల్లో. చివరి 66హెచ్ సంగతి కాసేపట్లో చెప్తా, అసలు ఎవరూ చూడనిది అదే.

షాపుల్లో ఎక్కువగా వినపడే మాట "ఆ సైజు లేదు సార్, 140/70 ఉంది, దానికేం కాదు సరిపోద్ది" అని. సరిపోవడం అంటే రిమ్ము మీద కూర్చుంటుంది, నిజమే. కానీ లెక్కేసి చూడండి, 140లో 70 శాతం 98, అంటే పైన 8 కింద 8 కలిపి టైరు మొత్తం 16 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది, చుట్టుకొలతలో రెండున్నర శాతం పైనే తేడా. బండి వెనక 8 మిల్లీమీటర్లు లేస్తుంది, మడ్‌గార్డుకి ఆనుతుందేమో చూసుకోవాలి, పైగా బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసేదే చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసుకుని కాబట్టి కంపెనీవాళ్లు పెట్టిన సైజు లెక్క తప్పిస్తే దానికి మనం అబద్ధం చెప్పినట్టే. ఇంకో రకం వాళ్లుంటారు, లావు టైరు పిచ్చి ఉన్నోళ్లు, 150 తీసేసి 160 ఎక్కిస్తారు. 160కి రిమ్ము కూడా వెడల్పు ఉండాలి, ఇరుకు రిమ్ములో ఇరికిస్తే టైరు రెండు పక్కలా నొక్కుకుపోయి నడుమ కోసుగా లేస్తుంది, చూడ్డానికి లావు, రోడ్డుకి ఆనేది మాత్రం అనుకున్నంత ఉండదు, బండి వాలడం కూడా బద్ధకంగా వాలుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. అది దొరక్కపోతే ఆగండి, వారం లేటైతే ఏం కాదు.

ఆర్ బదులు చిన్న గీత ఉంటే అది బయాస్ టైరు, అంటే లోపల దారాల అల్లిక వేరే రకం. కంపెనీ నుంచి రెండూ రేడియల్ వస్తే రెండూ రేడియలే ఉండాలి, ముందు రేడియల్ వెనక బయాస్ అని కలగాపులగం చేస్తే రెండూ వంపులో రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. నా బండికి ముందు 110/70 ఆర్ 17. హిమాలయన్ 411కి ముందు 90/90-21, వెనక 120/90-17, మీటియోర్‌కి 100/90-19, 140/70-17, ఇంటర్‌సెప్టర్‌కి 100/90-18, 130/70-18. మీ బండిది మాన్యువల్లో ఒకసారి చూసుకోండి, సెకండ్ హ్యాండ్ బండైతే మరీ ముఖ్యం, పాత ఓనరు ఏం వేయించాడో మనకేం తెలుసు.

ఇప్పుడు 66హెచ్. హెచ్ అంటే 210 కిలోమీటర్ల వేగం దాకా ఓర్చుకుంటుందని. మనం అంత పోము, కాబట్టి దానికంటే తక్కువ అక్షరం ఉన్నది ఇచ్చినా పర్లేదనుకుంటాం, కానీ ఆ అక్షరం స్పీడు గురించే కాదు వేడి తట్టుకోవడం గురించి కూడా, మే నెలలో మధ్యాహ్నం పల్నాడు రోడ్ల మీద వెనక ఒక మనిషితో, లగేజీతో గంటల తరబడి పోయేవాడికి అది పనికొస్తుంది. కంపెనీ ఇచ్చిన అక్షరానికి తగ్గకండి. 66 అంటే ఆ టైరు మోయగలిగే బరువుకి కోడు, 66కి 300 కిలోలు, 62కి 265, 54కి 212. నా లెక్క ఇలా వేసుకున్నా: బండి పెట్రోలుతో దాదాపు 190, నేను జాకెట్టూ హెల్మెట్టూ కలిపి 85, మా ఆవిడ 60, బ్యాగులు 25, మొత్తం 360. ఇద్దరు కూర్చుని వెనక బ్యాగులు కడితే అందులో సగం కంటే బాగా ఎక్కువే వెనక చక్రం మీద పడుతుంది, రెండు వందల ఇరవై, ముప్ఫై అనుకోండి. ఇంకా దాని మీద గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ. 300 మోసే టైరుకి మార్జిన్ ఉంది, అదే సైజులో 62 ఉన్నది తీసుకుంటే ఆ మార్జిన్ సగం పోతుంది. ఇంకోటి, ఈ 300 అనేది గాలి ఫుల్‌గా ఉన్నప్పటి మాట, గాలి తగ్గితే మోసే బలం కూడా తగ్గినట్టే.

తర్వాత తేదీ. ఇక్కడే నేను దెబ్బ తిన్నా. మొదటిసారి వెనక టైరు మార్చేటప్పుడు ఒక షాపువాడు ఇంపోర్టెడ్ టైరు, మంచి డిస్కౌంటు, ఆఖరి పీసు అన్నాడు, ఆఖరి పీసు అనే మాటకి పడిపోయా. ఫిట్టింగ్ అయ్యాక ఇంటికొచ్చి తుడుస్తుంటే సైడ్ వాల్ (టైరు పక్క భాగం) మీద చిన్న గుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు కనిపించాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అంటే 3523 అనుంటే 2023లో 35వ వారం, ఆగస్టు చివర. నా దాని మీదున్న సంవత్సరం నేను కొన్నరోజుకి నాలుగేళ్ల వెనకది. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ కొత్త టైరే, గోరుతో నొక్కితే మాత్రం పాతదానికంటే గట్టి. ఆ వానాకాలం శ్రీశైలం నుంచి దిగుతుంటే ఒక వంపులో వెనక చక్రం అడుగు పక్కకి జారి మళ్లీ పట్టుకుంది, వెనక మా ఆవిడ ఉంది, తర్వాత టీ కొట్టు దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. షాపువాడినేం అంటాం, అడగాల్సింది నేను, అంకెలు అక్కడే ఉన్నాయి.

కాబట్టి టైరు రిమ్ముకి ఎక్కించకముందే ఆ నాలుగంకెలు చూడండి, ఏడాదిలోపుది అడగండి, ఏడాదిన్నర దాటితే నేను తీసుకోను. రెండు టైర్లు కొంటే రెండింటివీ చూడండి, ఒకటి కొత్తది ఒకటి పాతది అంటగట్టడం కూడా ఉంది. ఇంపోర్టెడ్ వాటిల్లో ఈ పాత స్టాకు బాధ ఎక్కువ, 2020 జూన్‌లో కేంద్రం బైకు టైర్లతో సహా టైర్ల దిగుమతిని ఫ్రీ నుంచి రిస్ట్రిక్టెడ్‌లోకి మార్చింది, అంటే లైసెన్సు ఉంటేగానీ తెప్పించకూడదు. అలాంటప్పుడు ఎవరైనా మంచి విదేశీ టైరు చవకగా ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో అడగాలి కదా. సైడ్ వాల్ మీద ఐఎస్ఐ మార్కు కూడా వెతకండి, మన దేశంలో అమ్మే టైరుకి అది తప్పనిసరి.

ఏ కంపెనీ అంటే, నా బండికి కంపెనీ నుంచి వచ్చింది ఎంఆర్ఎఫ్ రెవ్జ్, హైవేకి దానితో నాకు పేచీ లేదు, మళ్లీ అదే వేయించుకున్నా తప్పేం లేదు. అపోలో ఆల్ఫా హెచ్1 ఈ సైజుల్లోనే రేడియల్‌గా దొరుకుతుంది, ఇప్పుడు నేను వాడుతున్నది అదే. మిషెలిన్, పిరెల్లి, మెట్జెలర్ బాగుంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది, సర్వీసు దొరకని చోట సైడ్ వాల్ కోసుకుపోతే అదే సైజు మళ్లీ దొరకడమే కష్టం. నా మట్టుకు నేను పాతదైన ఖరీదు టైరు కంటే నిన్నమొన్న తయారైన మామూలు టైరే మేలంటా, ఈ విషయంలో నాతో గొడవపడేవాళ్లు చాలామంది ఉన్నారు, పడనీండి.

ముందూ వెనకా రెండూ ఒకేసారి మార్చాలా అంటే అక్కర్లేదు, వెనకది ముందే పోతుంది, నాకు వెనకవి రెండు అరిగేసరికి ముందుది ఒకటి అరిగింది. కానీ రెండూ ఒకే రకం ఉండేలా చూసుకోండి, ముందు మెత్తటి స్పోర్ట్ టైరు వెనక బటన్ల టైరు అలా కాకుండా. స్పోక్ చక్రాలవాళ్లకి ఒక మాట, టైరు మీద ట్యూబ్‌లెస్ అని రాసున్నంత మాత్రాన మీ చక్రం ట్యూబ్‌లెస్ అయిపోదు, స్పోకుల సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి లోపల ట్యూబు వేయాల్సిందే, టైరు కొత్తది వేసి ట్యూబు పాతదే మడిచి పెట్టించకండి. హిమాలయన్ 450కి 2024లో ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి, అది వేరే కథ, ఆ రిమ్మే వేరు.

ఫిట్టింగ్ దగ్గర ఫోను చూసుకుంటూ బయట నిలబడకండి, పక్కనే ఉండండి. మెషిన్ ఉన్న షాపుకే వెళ్లండి, సుత్తీ రాడ్లతో కొడితే అలాయ్ రిమ్ము అంచు లొట్టపోయి తర్వాత రోజూ గాలి దిగుతుంది. టైరు మీద తిరిగే దిక్కుకి బాణం గుర్తుంటుంది, చక్రం బండికి ఎక్కించకముందే చూసి చెప్పండి, ఎక్కించాక చెప్తే మొహం మాడ్చుకుంటారు. రంగు చుక్క ఉంటే అది వాల్వు పక్కకి రావాలి, టైరులో తేలికైన చోటు సాధారణంగా అదే. పాత రబ్బరు వాల్వు తీయించి కొత్తది వేయించండి, టైరుకి వేల రూపాయలు పెట్టి వాల్వు దగ్గర కక్కుర్తి పడ్డవాళ్లు దారిలో నిలబడిపోవడం నేను చూశా, వాల్వుని వేలితో పక్కకి వంచితే దాని మొదలు దగ్గర సన్నటి పగుళ్లు కనపడతాయి, అదే గుర్తు. గాలి కొట్టేటప్పుడు టప్ టప్ అని రెండు చప్పుళ్లు వస్తాయి, టైరు అంచు రిమ్ములో కూర్చున్నట్టు, ఆ తర్వాత రిమ్ము చుట్టూ సబ్బునీళ్లు పోసి బుడగలొస్తున్నాయా చూడమనండి. బ్యాలెన్సింగ్ చేసే షాపు దొరికితే చేయించండి, లేదంటే వంద దాటాక హ్యాండిల్ వణుకుతుందేమో గమనించుకోండి.

చక్రం ఎక్కాక చైన్ టెన్షను, రెండు పక్కలా యాక్సిల్ (చక్రం ఇరుసు) దగ్గరి గుర్తు గీతలు సమానంగా ఉన్నాయా, ఏబీఎస్ సెన్సర్ వైరు ఎక్కడా నలగలేదా చూడండి. ఆ తర్వాత బండి కదల్చకముందే బ్రేకు నాలుగైదుసార్లు నొక్కండి, చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి పోయుంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పడదు. షాపు ముందు రోడ్డే ట్రాఫిక్, అక్కడ తెలిస్తే ఏం లాభం.

కొత్త టైరు పైన జారుడుగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వాల్చకండి, సడెన్‌గా యాక్సిలరేటర్ తిప్పకండి, తడి రోడ్డైతే ఇంకా జాగ్రత్త. అందుకే రేపు పొద్దున లద్దాఖ్ బయల్దేరుతూ ఇవాళ సాయంత్రం టైర్లు మార్చకండి, కనీసం ఒక వారం ముందు మార్చి ఊళ్లోనే తిప్పండి. గాలి ఎంతుండాలో బండి మీద స్టిక్కరులోనో మాన్యువల్లోనో ఉంటుంది, ఒక్కరికి వేరు ఇద్దరికి వేరు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. వారం తర్వాత ఒకసారి కొలిస్తే ఒకట్రెండు పాయింట్లు తగ్గి ఉండొచ్చు, అంతకంటే ఎక్కువ దిగితే షాపుకి తిరిగి వెళ్లండి, బిల్లు పట్టుకెళ్లండి, ఆ బిల్లు మీద టైరు తేదీ అంకెలు రాయించుకుని ఉంటే ఇంకా మంచిది.