అలలు తేలిన లిథోగ్రాఫ్‌ని ఎలా చదును చేశానంటే

వానాకాలంలో మా పర్లాకిమిడిలో గోడమీది బొమ్మలకూ చెమ్మ పడుతుంది. హాల్లోని రంగుల లిథోగ్రాఫ్ (రాతి అచ్చు బొమ్మ) అలలు తేలి, ఒక మూల అద్దానికి ఆనుకుంది. బొమ్మలో ఉన్నవి పచ్చ మరకలు, అడ్డంగా నీలం చార, అంతే. మా బావ మాత్రం "మహేంద్రగిరి మీద మబ్బే కదేటి" అంటాడు.

ఫ్రేము విప్పి చూస్తే వెనక మామూలు అట్ట, నాలుగు పక్కలా టేపు. తేమకు కాగితం సాగుతుంది. అన్ని వైపులా బిగిస్తే ఎటు పోతుంది?

అంచున రంగు లేదు కాబట్టి హెయిర్ డ్రయర్ సన్నని వేడితో టేపు మెల్లగా లేపాను. తర్వాత రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన చదునైన పలక, పుస్తకాల బరువు. బ్లాటింగ్ పేపర్లు రోజూ మార్చాను. ఇస్త్రీ పెట్టమన్నవాళ్లూ ఉన్నారు, వినకండి! లిథోగ్రాఫ్‌లో ఒక్కో రంగుకూ వేరే రాయో ప్లేటో వాడి, జిడ్డు సిరాను పొరమీద పొరగా అచ్చు వేస్తారు. 1790ల్లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఆ పద్ధతిలోనే అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథేలర్ వంటివాళ్లు రంగుల్ని కాగితంమీద పారించారు. అలాంటి సిరా మీద వేడి ఇస్త్రీయా?

ఇప్పుడు యాసిడ్ లేని మౌంటు (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట) వేశాను, అద్దానికీ బొమ్మకూ మధ్య సందు ఉంది. బొమ్మను పై అంచున మాత్రమే పల్చటి జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి పెట్టి అతికించాను. వాన కొట్టే గోడ మీంచి లోపలి గోడకు మార్చాను.