పొదల్లో దొరికిన పాత కారు ఏ బండిదో తేల్చడం ఎలా

మూతపడ్డ రైసు మిల్లుల వెనక, చింతచెట్ల కింద, పాత ఇనుము కొట్ల వెనక వరుసల్లో తుప్పు పడుతున్న కార్లలో ఎక్కువ భాగం నాలుగు కుటుంబాలవే. బెంగాల్ ఉత్తరపారాలో తయారైన హిందుస్థాన్ బళ్ళు (అంబాసిడర్ వగైరా), బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్లు, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్‌లు, రెండో ప్రపంచ యుద్ధం మిగులు సరుకుగానో మహీంద్రా ద్వారానో వచ్చిన జీపులు. 1954 ప్రాంతంలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఇక్కడ అసెంబ్లీ మానేశాయి. అంతకుముందు దిగిన అమెరికన్ బళ్ళు అరుదుగానే అయినా ఇంకా దొరుకుతాయి. ఈ వ్యాసం మాత్రం ఆ నాలుగు కుటుంబాల గురించే.

ఒక్క నియమం పట్టుకుంటే సగం పని అయిపోతుంది. వెల్డింగ్‌తో పుట్టినదాన్ని నమ్మాలి, బోల్టుతో బిగించినదాన్ని అనుమానించాలి. మన దగ్గర కార్లు ముప్పై నలభై ఏళ్ళు తిరిగాయి. ఆ కాలంలో గ్రిల్, బంపర్, లైట్లు, బ్యాడ్జీలు, చివరికి ఇంజను కూడా ఏది దొరికితే అది వేసి నడిపించారు. మార్క్ 2 అంబాసిడర్‌కు మార్క్ 4 గ్రిల్ ఉండటం మామూలే. డోరు స్తంభాలు, ఫ్లోరు, ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడ, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) తగిలించే బ్రాకెట్లు మాత్రం మారవు. వాటిని మార్చాలంటే బండి మొత్తం కోయాలి.

ముందు ముట్టుకోవద్దు

స్థలం యజమాని అనుమతి లేకుండా ఒక్క బోల్టు కూడా తీయకండి. చెత్తలా కనిపించినా అది ఎవరి పేరు మీదో ఉన్న ఆస్తి. కర్రతో పొదను కదిలించి, టార్చి వేసి లోపల పాములూ కందిరీగలూ లేవని చూసుకుని, మందపాటి తొడుగులు వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

తర్వాత ఫోటోలు. టేపు కనిపించేలా నాలుగు వైపుల నుంచీ తీయండి. చుట్టూ పడి ఉన్న విడి భాగాలను అవి ఉన్న చోటే తీయండి. డోరు పడి ఉన్న చోటు, అది ఎటువైపుకు ఒరిగిందీ చూస్తే అది ఈ బండిదేనా, ఇంకెవరో తెచ్చి పడేసిందా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఊడ్చి సర్దేశాక ఆ ఆధారం తిరిగి రాదు.

సామాను ఇంత చాలు: అంగుళాలూ మిల్లీమీటర్లూ రెండూ ఉన్న 5 మీటర్ల టేపు, అయస్కాంతం, మేస్త్రీలు వాడే తూకం గుండు, సుద్దముక్క, ఇత్తడి తీగల బ్రష్, 180, 400, 800 నంబరు ఉప్పు కాగితాలు, పల్చటి కాగితం, పెన్సిల్. స్టీలు బ్రష్ వద్దు. అది తుప్పుతో పాటు అచ్చు అక్షరాలను కూడా చెరిపేస్తుంది.

చక్రాల మధ్య దూరం

ముందు హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్య నుంచి, వెనక హబ్ మధ్య నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్ద గుర్తు పెట్టి, రెండింటి మధ్య కొలవండి. రెండు పక్కలా కొలిచి సగటు తీసుకోండి, ఎందుకంటే కుంగిన బండిలో రెండు వైపులా ఒకటే రాదు. అంబాసిడర్ 97 అంగుళాలు, అంటే 2464 మి.మీ. ఫియట్ 1100, పద్మిని 2340 మి.మీ. హెరాల్డ్ 91.5 అంగుళాలు, 2324 మి.మీ. హిందుస్థాన్ కుటుంబంలోనే చిన్నదైన మోరిస్ మైనర్ 86 అంగుళాలు. విల్లీస్ యుద్ధకాలపు జీపు, తర్వాతి పౌర జీపు సీజే-3బీ రెండూ 80 అంగుళాలు.

ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. ఫియట్‌కూ హెరాల్డ్‌కూ తేడా 16 మి.మీ. మాత్రమే, కాబట్టి తుప్పు పట్టి కుంగిన బండిలో ఈ కొలతతో వాటిని విడదీయలేం. 97 అంగుళాలు వస్తే హిందుస్థాన్ కుటుంబం అని తెలిసింది గానీ, అంతకుముందు మోడల్ ల్యాండ్‌మాస్టరా, అంబాసిడరా అన్నది తెలియలేదు. రెంటిదీ అదే కొలత. హబ్‌లే లేకపోతే చక్రం గూడు మధ్యను బట్టి అంచనా వేయొచ్చు కానీ, అది 2 అంగుళాల వరకు తప్పుతుంది. దాన్ని జీపూ కారూ వేరు చేయడానికి తప్ప వాడకండి.

కింద నుంచి చూడండి

బండి కింద ఉన్నవి దొంగలకూ తుక్కు వాళ్ళకూ త్వరగా పనికిరావు, అందుకే ఎక్కువ కాలం మిగులుతాయి. విడి ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) లేకుండా, ముందు నుంచి ఫ్లోరు కిందుగా వెనక్కి వెళ్ళే రెండు పొడవాటి టార్షన్ కడ్డీలు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసేవి) ఉంటే అది మోరిస్ వంశపు హిందుస్థాన్ బండి. విడి ఛాసిస్ లేకుండా ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక పొడవునా కమాన్ కట్టలు ఉంటే ఫియట్. విడి ఛాసిస్ ఉండి, వెనక ఒకే కమాన్ కట్ట అడ్డంగా ఉంటే హెరాల్డ్. నిచ్చెనలాంటి ఛాసిస్, నాలుగు మూలలా కమాన్ కట్టలు ఉంటే జీపు. ఫోటోల్లో అందరూ ముఖాన్ని తీస్తారు. ఒక్క ఫోటోనే తీయగలిగితే కింద నుంచి తీయండి.

హెరాల్డ్‌కు పైన కూడా ఒక గుర్తు ఉంది. బానెట్, ముందు మడ్‌గార్డులు ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. బాడీ భాగాలు ఒకదానికొకటి బోల్టులతో కలుస్తాయి, అందుకే ఒక్కో ముక్కా విడిగా దొరుకుతుంది.

హిందుస్థాన్ బళ్ళలో ఏది ఏది

1954లో మొదలైన ల్యాండ్‌మాస్టర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2 నుంచి వచ్చింది. బానెట్ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. వెనక మడ్‌గార్డులు కిందికి వాలిపోతాయి. వెనక అద్దం చిన్నది. సిరీస్ 3 నుంచి వచ్చిన అంబాసిడర్‌లో బానెట్ మీద పొడవునా ఉబ్బు గీతలు కనిపిస్తాయి. వెనక మడ్‌గార్డు చివర చిన్న రెక్కలా లేస్తుంది, వెనక అద్దం పెద్దదవుతుంది. ఒక్క బానెట్ మాత్రమే దొరికితే దానిమీద తీర్పు చెప్పకండి, బానెట్ నాలుగు బోల్టుల వస్తువు. వెనక మడ్‌గార్డుకు రెక్క ఉందా లేదా అన్నదే సాక్ష్యం.

మార్క్‌లను గ్రిల్‌తో గుర్తుపడతారు. మార్క్ 2లో చిన్న గడుల గ్రిల్, 1975 ప్రాంతపు మార్క్ 3లో అడ్డ పట్టీలు, వాటిలోనే గుండ్రటి పార్కింగ్ లైట్లు. మార్క్ 4లో పెద్ద గడులతో చిన్న గ్రిల్, దానికి బయట చదరపు పార్కింగ్ లైట్లు. అయితే గ్రిల్‌ను కాదు, గ్రిల్ వెనకనున్న రేకు రంధ్రాలను చూడండి. లైట్లకు కంపెనీ అచ్చులో కొట్టిన రంధ్రం అంచు నున్నగా, లోపలికి మడిచి ఉంటుంది. షెడ్డులో కోసిన రంధ్రం అంచు పచ్చిగా, వంకరగా ఉంటుంది.

ఫియట్లు

మొదటి 1100 బళ్ళలో ముందు డోరు మధ్య స్తంభానికి తగిలించి ఉంటుంది, హ్యాండిల్ ముందు వైపు వస్తుంది. 1964 నాటి డిలైట్‌లోనూ, ఆ తర్వాతి ప్రెసిడెంట్, పద్మినిలలోనూ డోరు ముందు స్తంభానికి తగిలి మామూలుగా తెరుచుకుంటుంది. డోరు లేకపోయినా స్తంభం మీద కీలు బోల్టుల రంధ్రాలు ఉంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం ఇది. తుప్పు ఎంత తిన్నా ఆ మందపాటి రేకు మిగులుతుంది. డిలైట్‌కూ పద్మినికీ మధ్య తేడాను రేకులతో చెప్పలేం, రెండూ ఒకే శరీరం. అక్కడ ఇంజను గదిలోని కంపెనీ ప్లేటు మీది అక్షరాలే దిక్కు.

చక్రం రిమ్ము

విడి రిమ్ము దొరికినా పనికొస్తుంది. అంబాసిడర్‌కు 15 అంగుళాలు, పద్మినికి 14, హెరాల్డ్‌కు 13, జీపుకు 16. రిమ్ము బయటి అంచు నుంచి అంచుకు కొలవకండి, అలా కొలిస్తే ఒకటింపావు అంగుళం పైనే ఎక్కువ వస్తుంది, 13 అంగుళాల రిమ్ము 14లా అనిపిస్తుంది. టైరు కూర్చునే గట్టు మీద కొలవాలి.

అయిదు బోల్టుల రిమ్ములో బోల్టు వృత్తం కావాలంటే పక్కపక్క రెండు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు దూరాన్ని 1.701తో గుణించండి. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్య దూరమే సరిపోతుంది.

మర మాట్లాడుతుంది

ఫియట్‌లో మరలు మిల్లీమీటర్లవి, అంబాసిడర్, హెరాల్డ్, జీపులలో అంగుళాలవి. 13 నంబరు పానాతో తేల్చుకుందామనుకుంటారు, అది కుదరదు. అర అంగుళం నట్టు 12.7 మి.మీ., దానిమీద 13 పానా కొద్దిగా వదులుగా కూర్చుంటుంది. బోల్టు మందం కూడా 8 మి.మీ., 7.94 మి.మీ. అంటూ దాదాపు ఒకటే. మర మెట్లు లెక్కపెట్టండి. శుభ్రం చేసిన 8 మి.మీ. బోల్టులో పది మెట్లు 12.5 మి.మీ. తీసుకుంటాయి. 5/16 అంగుళం సన్నమర బోల్టులో పది మెట్లు 10.6 మి.మీ.లోనే అయిపోతాయి. బాడీ లోపల ఎవరూ ముట్టని బోల్టును పరీక్షించండి, బంపర్ బోల్టును కాదు.

జీపు గ్రిల్

యుద్ధకాలపు అచ్చు గ్రిల్‌లో 9 చీలికలు, తర్వాతి సీజే బళ్ళలో 7. 9 చీలికల దాంట్లో విల్లీస్ ఏది, ఫోర్డ్ ఏది అన్నది ఛాసిస్ ముందు అడ్డ దూలం చెబుతుంది. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన గాడి ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల తలల మీదా, చిన్న బ్రాకెట్ల మీదా ‘ఎఫ్’ అచ్చు ఉంటుంది. బానెట్ బాగా ఎత్తుగా ఉంటే సీజే-3బీ. వెనక తలుపు ఉందంటే సీజే అనుకోవచ్చు, కానీ సరుకు వేయడానికి యుద్ధజీపు వెనక రేకును కోసి తలుపు పెట్టిన బళ్ళు కూడా ఉంటాయి. ఆ కోత అంచు చూస్తే తెలిసిపోతుంది.

రంగు, లప్పం, అచ్చు అక్షరాలు

అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ వెళ్ళండి. పట్టు సడలిన చోట లప్పం ఉంది, అక్కడి ఆకారాన్ని నమ్మకండి. మెత్తగా, బూడిద రంగులో మెరిసే లోహం అతుకుల దగ్గర కనిపిస్తే అది సీసం కావచ్చు. దాన్ని పొడిగా గీకకండి, ఆ దుమ్ము విషం. అసలు రంగు కోసం డోరు అట్ట వెనకనో, డ్యాష్‌బోర్డు కిందనో రెండు అంగుళాల మేర తడి ఉప్పు కాగితంతో 180తో మొదలుపెట్టి 400, 800తో అంచులు పల్చబరచండి. పొరలు వలయాలుగా కనిపిస్తాయి. అడుగున ఎర్రగానో బూడిదగానో ఉన్నది ప్రైమర్, దాని పైదే మొదటి రంగు.

ప్లేటు కోసం ఇంజను గది గోడను వెతకండి. అక్షరాలు కనిపించకపోతే గీకకుండా కాగితం పరిచి పెన్సిల్ పక్కగా రుద్దండి. లైట్లు, డైనమో మీది లూకాస్ (కార్ల విద్యుత్ భాగాల కంపెనీ) అచ్చులు కూడా సాయపడతాయి. ‘లూకాస్ టీవీఎస్’ అని ఉంటే ఆ భాగం 1961కి ముందుది కాదు. అది భాగం వయసే, బండి వయసు కాదు.

బండిని నిలబెట్టి రిజిస్టర్ చేయించాలనుకుంటే ఈ రాతలన్నీ పదిలంగా ఉంచండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే వింటేజ్ గుర్తింపు ఇస్తారు. అందుకే టింకరింగ్‌కు పంపేముందు ప్రతి స్తంభం, ప్రతి రంధ్రం, ప్రతి కొలత ఫోటోతో సహా నమోదు చేసి ఉండాలి.